ఓసారి ఇటివ్వు

లోకంలో పేరుమోసిన దొంగలందరినీ ఒక వరసలో నిలబెట్టి, ఆ వరస చివర మా అమ్మమ్మని నిలబెడితే, కాసేపటికి ఆ దొంగలంతా చలికి వణుక్కుంటూ ఇళ్ళకు పోతారు. వాళ్ళ టోపీలూ మఫ్లర్లూ స్వెటర్లూ అమ్మమ్మ ఒంటి మీద ఉంటాయి. పైగా పోతూ పోతూ వాళ్ళే ఆవిడకి దండం పెట్టి మరీ పోతారు. ఇంత పనికి అమ్మమ్మకి కత్తి అక్కర్లేదు, మారు తాళంచెవి అక్కర్లేదు. ఒక్క మాట చాలు. "ఓసారి ఇటివ్వు, మళ్ళీ ఇచ్చేస్తా."

ఇచ్చేస్తుంది కూడా. ఆ మాటలో ఆవిడని తప్పు పట్టడానికి లేదు. ఎప్పుడిస్తుందో, ఏ రూపంలో ఇస్తుందో మాత్రం ముందు చెప్పదు. తీసుకునేటప్పుడు అది శాలువా. తిరిగి వచ్చేటప్పటికి దానికి ఎంత బొచ్చు పట్టి ఉంటుందంటే, కాస్త పాలు పోస్తే తాగి మ్యావుమంటుందేమో అనిపిస్తుంది.

ఊరి చివర పాత కలప అడితిలో అమ్మమ్మ ఒక షెల్టరు నడుపుతుంది. బళ్ళ కింద పడి బతికిన కుక్కలు, సంచుల్లో కట్టి పారేసిన పిల్లులు, ఒంటి కన్ను మేక, ముసలి గాడిద ఒకటి, అన్నీ అక్కడే. వాటిని చూసుకోవడానికి వ్యాను డ్రైవరు, వంటావిడ, డాక్టరు ఉన్నారు. వీలున్నప్పుడు వచ్చి చేయి సాయం చేసేవాళ్ళు ఇంకొందరు. వీళ్ళలో ఏటా ఒకరి ఒంటి మీద అమ్మమ్మ కన్ను పడుతుంది. అంతే, ఆ వస్తువుకి వాళ్ళు నీళ్ళు వదులుకోవాల్సిందే.

ఒక ఏడు డ్రైవరు టోపీ పోయింది. ఆయనది నున్నటి బట్టతల. ఎండలో వ్యాను తోలీ తోలీ అది కాల్చిన దుంపలా తయారయింది. అమ్మమ్మ మాత్రం ఆ టోపీ పెట్టుకుని, నీడపట్టున కూర్చుని గాడిదకి క్యారెట్లు తినిపించేది. ఇంకో ఏడు వంటావిడ శాలువా. మంచి ఎండాకాలంలో, కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చున్న రోజుల్లో, ఆ ఉన్ని శాలువా చుట్టుకుని అమ్మమ్మ పెరడంతా తిరిగింది. ఉక్కపోయడం లేదా అని అడిగితే తనది చలి ఒళ్ళని చెప్పింది. అలా చెబుతూనే చెమట తుడుచుకుంది, అదీ శాలువాతోనే.

అప్పటినుంచి వంటావిడ అమ్మమ్మ కనబడితే చాలు, ఒంటి మీద ఉన్నవన్నీ రెండు చేతులతో పట్టుకునేది. డ్రైవరయితే టోపీని సీటు కింద దాచి, ఆ సీటు మీద తను కూర్చునేవాడు.

ఈ భయం లేనివాడు ఒక్కడే, దాణా కొట్టాయన. షెల్టరుకి గడ్డీ దాణా ఉచితంగా పంపే పెద్దమనిషి. ఆయన కోటుని అమ్మమ్మ ఏనాడూ అడగలేదు. అది ఆయనకి తలకొట్టేసినట్టుండేది. "నా కోటు మీ కంటికి ఆనదా అండీ?" అని ఒకసారి అడిగేశాడు. "నీకింకా అంత అవసరం రాలేదులే," అంది అమ్మమ్మ. అవసరం తీసుకునేవాళ్ళకి ఉండాలి గానీ ఇచ్చేవాళ్ళకేమిటని ఆయన తల గోక్కున్నాడు. తొమ్మిదో తరగతి మొహం కూడా సరిగ్గా చూడని నేను, ఇందులో ఆలోచించడానికేముందని నవ్వుకున్నాను.

ఇక గాడిద సంగతి చెప్పాలి. దాని పేరు జడ్జిగారు. పేరులో గారు ఉంది కాబట్టి మేమంతా మర్యాదగానే మాట్లాడతాం. జడ్జిగారు మేస్తారు, జడ్జిగారు పొర్లుతారు, జడ్జిగారు అప్పుడప్పుడు తంతారు.

ఆయనకి ఆ పదవి వచ్చిందీ అమ్మమ్మ వల్లే. షెల్టరులో ఏటా ఒక రోజు, కష్టపడ్డవాళ్ళని పిలిచి సన్మానం చేయడం మొదటినుంచీ ఉంది. ఎవరికి చేయాలో తేల్చడానికి మొదట్లో కమిటీ కూర్చునేది. అది ఎప్పుడూ కూర్చుని మొదలై, నిలబడి ముగిసేది. ఒకసారి వంటావిడా డ్రైవరూ గరిటె ఒకరూ చీపురు ఒకరూ పుచ్చుకుని తేల్చుకోబోయారు. ఆ రోజే అమ్మమ్మ కమిటీని రద్దు చేసింది. మనుషుల మాట మనకొద్దు, సేవ చేయించుకున్నవాళ్ళనే అడుగుదాం అంది.

అప్పటినుంచి పద్ధతి ఇది. సన్మానం రోజున అందరూ గోడ వారగా నిలబడాలి. జేబుల్లో తిండి ఉండకూడదు. ఆ జేబులు అమ్మమ్మే తడుముతుంది. తర్వాత కొట్టం తలుపు తీస్తారు. జడ్జిగారు వరస వెంట నడిచి వచ్చి, ఎవరి గుండెకి తల ఆనిస్తారో వాళ్ళకే ఆ ఏటి పలక. చెక్క పలక మీద నీలం రంగులో జడ్జిగారి డెక్క ముద్ర. అంతే, అంతకుమించి అందులో ఏమీ లేదు. అయినా వంటావిడ దాన్ని ముందుగదిలో పెళ్ళి ఫోటో దించేసి ఆ మేకుకి తగిలించింది. మొగుడు అలిగితే, ఫోటోలో ఉన్నది ఇంట్లోనే తిరుగుతోందిగా, చూసుకో అందట.

ఆ పలక కోసం దాణా కొట్టాయన పడని పాట్లు లేవు. ఒక ఏడు కోటు లోపలి గుడ్డలో క్యారెట్లు పెట్టి కుట్టించుకొచ్చాడు. తడిమితే తగల్లేదు. జడ్జిగారు వచ్చి, ఆ కోటు అంచు పట్టి చింపి, క్యారెట్లు తిని, గుడ్డ కూడా కాస్త రుచి చూసి, నిమ్మళంగా ముందుకు సాగిపోయారు. అప్పటినుంచి అమ్మమ్మ తడుముతుంటే ఆయన కితకితలు పెట్టినట్టు మెలికలు తిరుగుతాడు.

పలక ఊసెత్తనివాడు డాక్టరొక్కడే. పాపం, ఎత్తి లాభం లేదు. ఆయన గేటు తీసిన చప్పుడుకే కుక్కలన్నీ మంచాల కింద దూరేవి, పిల్లులు రేకుల పైకెక్కేవి. ఒంటి కన్ను మేక ఆ ఒక్క కన్నూ మూసుకునేది. చెవి తెగిందన్నా కాలు విరిగిందన్నా ఆయనే కావాలి, బాగయ్యాక మాత్రం ఆయన మొహం చూసే జీవి లేదు. ప్రతి సన్మానంలోనూ జడ్జిగారు ఆయన ముందుకు రాగానే గిరుక్కున తిరిగి వెనక భాగం చూపించేవారు. అందరం పగలబడి నవ్వేవాళ్ళం. డాక్టరూ నవ్వేవాడు. ఏడాదికేడాది ఆ నవ్వు చిక్కిపోతూ రావడం మాలో ఎవరికీ పట్టలేదు.

కిందటి ఏడు కాలు నుజ్జయిన కుక్కపిల్ల ఒకటి వచ్చింది. డాక్టరు దాన్ని బతికించి, దగ్గరుండి నడిపించి, నిమరబోయాడు. అది ఆయన వేలు కరిచి, వెళ్ళి వంటావిడ ఒళ్ళో కూర్చుంది. ఆ సాయంత్రమే ఆయన అమ్మమ్మ దగ్గరకొచ్చి, ఆ ఏటి సన్మానం అయ్యాక మానేస్తానన్నాడు. వేరే చోట ఏదో మందుల కంపెనీలో పనుందట. అక్కడ అన్నీ సీసాలేనట, ప్రాణమున్నదేదీ ఉండదట.

"ఏం బాబూ, ఏమైంది?" అంది అమ్మమ్మ.

"ఏం కాలేదమ్మా. నేను వస్తే ఇక్కడ సంతోషించేది ఒక్కటీ లేదు. ఎన్నాళ్ళని వస్తాను?"

మాకు గుండెల్లో రాయి పడింది. ఇలాంటి చోటికి, జీతానికి బదులు గాట్లు పుచ్చుకుని వచ్చే డాక్టరు మళ్ళీ దొరకడు. ఆయన లేకపోతే షెల్టరు తలుపులు మూసుకోవాల్సిందే. అమ్మమ్మ బతిమాలుతుందని, కాళ్ళా వేళ్ళా పడుతుందని మేమంతా చూస్తున్నాం. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి అంది, "నీ కోటుకి బొత్తాం ఊడింది. ఓసారి ఇటివ్వు, కుట్టిచ్చేస్తా."

మా అమ్మ నుదురు కొట్టుకుంది. కొంప మునుగుతుంటే బొత్తామేమిటని.

ఆ తెల్లకోటు వారాల తరబడి అమ్మమ్మ ఒంటి మీదే ఉంది. డాక్టరు అడిగినప్పుడల్లా తెల్లదారం దొరకలేదనేది. లోకంలో తెల్లదారం కరువొచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. పాపం, ఆయన మామూలు చొక్కా వేసుకునే వైద్యం చేసేవాడు. అమ్మమ్మ కోటు చేతులు పైకి మడుచుకుని, అంచు మోకాళ్ళ కింద కొట్టుకుంటుంటే, పొద్దున్నే క్యారెట్ల బుట్టతో పెరట్లో దిగేది.

మొదట్లో జడ్జిగారు ఆ కోటుని చూసి పారిపోయేవారు. తనని చేత్తో మేపి పెంచిన అమ్మమ్మనే చూసి పారిపోవడం. ఆవిడ వెంటపడేది. ముందు గాడిద, వెనక తెల్లకోటు, ఆ వెనక "అమ్మా, పడతావే" అంటూ మా అమ్మ. ఇలా ఊరేగింపులాగా పెరడు చుట్టూ తిరిగేవాళ్ళు. గోడ అవతల పిల్లలు బడి ఎగ్గొట్టి చూసేవాళ్ళు. అమ్మకి మతి తప్పుతోందని మా అమ్మ ఏడుపు మొహం పెట్టింది. మతి తప్పినవాళ్ళు అంత వేగంగా పరిగెత్తరని నేను ధైర్యం చెప్పాను.

కోటు చూసి కొత్తవాళ్ళు ఆవిడే డాక్టరనుకునేవాళ్ళు. ఒకావిడ పిల్లిని తెచ్చి, ఇది రాత్రంతా అరుస్తోంది, నన్ను నిద్ర పోనివ్వడం లేదు అని మొరపెట్టుకుంది. అమ్మమ్మ పిల్లి నోరు తెరిచి చూసి, ఆవిడ నోరు కూడా తెరిపించి చూసింది. పిల్లికేం లేదు, నువ్వు పగలు పడుకో అని చెప్పి పంపింది. నిజం డాక్టరు పక్క గదిలోంచి అదంతా విని చాలా రోజులకి నవ్వాడు. నవ్వి, మళ్ళీ తన సామాను సర్దుకున్నాడు.

సన్మానం రోజు వచ్చింది. కుర్చీలు వేశారు, పలకకి రంగు ఆరింది. డాక్టరు సంచీ భుజాన వేసుకుని, చివరలో జారుకోవడానికి వీలుగా గేటు పక్కన నిలబడ్డాడు. అమ్మమ్మ వెళ్ళి కోటు చేతిలో పెట్టింది. బొత్తాం నల్లదారంతో కుట్టి ఉంది.

"ఉతకలేదా అమ్మా?" అన్నాడు ఆయన, దాన్ని మునివేళ్ళతో పట్టుకుని.

"ఉతికితే బొత్తాం ఊడుతుంది. వేసుకో."

వెళ్ళిపోయే రోజు పెద్దావిడతో వాదనెందుకని కాబోలు, వేసుకున్నాడు.

తలుపు తీశారు. జడ్జిగారు బయటికొచ్చి, ఆవులించి, నడక మొదలుపెట్టారు. వంటావిడని దాటారు. డ్రైవరుని దాటారు. దాణా కొట్టాయన ముందు ఆగారు. ఆయన ఊపిరి బిగబట్టాడు. జడ్జిగారు ఆయన కొత్త కోటంతా వాసన చూసి, పెద్ద తుమ్ము తుమ్మి కదిలారు. డాక్టరు ముందుకొచ్చేసరికి అందరం నవ్వడానికి నోళ్ళు సిద్ధం చేసుకున్నాం. డాక్టరు కళ్ళు మూసుకున్నాడు.

జడ్జిగారు తిరగలేదు. నల్లదారం బొత్తాం దగ్గర ముక్కు పెట్టి, కోటు లోపలికి తల దూర్చి, ఇంక ఇక్కడే పడుకుంటానన్నట్టు ఆనుకుని నిలబడ్డారు.

డాక్టరు, ఎవరో తుపాకీ చూపించినట్టు రెండు చేతులూ పైకెత్తేశాడు. "అమ్మా, ఏం చేస్తోందిది?" అన్నాడు సన్నగా.

"ఏం చేస్తుంది. చెవి గోకమంటోంది."

చేతులు మెల్లగా కిందికి దిగాయి. ఆయన గోకాడు. ఒక చెవి అయ్యింది, రెండో చెవి అయ్యింది. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఆయన జడ్జిగారి చెవి మడిచి చూసి, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, ఈ పుండు ఇంకా పూర్తిగా మానలేదే అన్నాడు. "వచ్చే వారం కట్టు మార్చాలి. ఎవరు మారుస్తారు?"

"ఎవరో ఒకరు మారుస్తారులే. నువ్వు వెళ్ళాలిగా."

"ఎవరో ఒకరంటే ఎలాగమ్మా. దీనికి తన్నే అలవాటుంది. నేనే వస్తాను." ఆ మాట అంటూనే భుజాన ఉన్న సంచీ తీసి గేటుకి తగిలించాడు.

పలక ఇచ్చాం. చప్పట్లు కొట్టాం. అందరికన్నా గట్టిగా దాణా కొట్టాయన కొట్టాడు, కళ్ళు మాత్రం పలక మీదే ఉన్నాయి.

కుర్చీలు ఎత్తుతుంటే, విశ్రాంత పోస్టుమాస్టరు ఒకాయన ఒంటరిగా బెంచీ మీద కనిపించాడు. ఆదివారాలు వచ్చి పిల్లుల్ని దువ్వుతాడాయన. ఆయన పెంచుకున్న కుక్క ఈ మధ్యే పోయింది. అప్పటినుంచి దువ్వెన పట్టుకుని ఊరికే కూర్చుంటున్నాడు. అమ్మమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. "చలిగా ఉంది. ఆ మఫ్లరు ఓసారి ఇటివ్వు, మళ్ళీ ఇచ్చేస్తా."

ఎత్తిన కుర్చీ నా చేతిలోనే ఉండిపోయింది. డ్రైవరు టోపీ పోయిన ఏడే డ్రైవరుకి పలక వచ్చింది. తన వ్యాను కిందే ఒక కుక్క పడిందని ఆయన స్టీరింగు ముట్టనన్న ఏడు అది. శాలువా పోయిన ఏడు వంటావిడకి. వంటగది అంటుకుంటే అందరూ తనే చేసిందన్నారని ఆవిడ మూట కట్టుకున్న ఏడు. జడ్జిగారు ఇన్నాళ్ళూ మనిషిని చూసి ఆగలేదు. ఆ గుడ్డకి పట్టిన అమ్మమ్మ వాసనకీ క్యారెట్ల వాసనకీ ఆగారు.

మఫ్లరు మెడకి చుట్టుకుని వస్తున్న అమ్మమ్మని కొట్టం దగ్గర పట్టుకున్నాను. ఇదంతా మోసం కాదా అని నిలదీశాను.

"డాక్టరు కాపాడింది అబద్ధమా? దానికి చెప్పడం రాదు, నేను చెప్పించాను," అని బుట్టలోంచి క్యారెట్టు తీసింది.

అయినా ఊరుకుంటే నేనెందుకవుతాను. కుర్చీలు మోసి మోసి నడుం పడిపోయింది, నాకు మాత్రం ఒక పలక వద్దా, నా స్వెటరు ఎప్పుడు అడుగుతావని స్వెటరు విప్పి చేతికి ఇవ్వబోయాను.

అమ్మమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నీ స్వెటరు నాకెందుకే? సొంత మనుషుల్ని గుర్తుపట్టడానికి గాడిదకి వాసన అక్కర్లేదు."