గుండె మీద తట్టిన చప్పుడు

దయ్యం పట్టిందని ఎవరైనా అంటే, ముందు జ్వరం చూడండి అని కసిరేదాన్ని. గోదావరిఖనిలో పుట్టి పెరిగాను. మా నాన్న ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో పనిచేసినా ఒక్క దయ్యం కథ చెప్పలేదు. ఇది రాయడానికి నాకే చిన్నతనంగా ఉంది.

మా ఆయన టైలర్. జన్మలో బాయి దిగలేదు. లిఫ్టు ఎక్కాలన్నా నా చెయ్యి పట్టుకుంటారు. నిరుడు హైదరాబాద్‌లో ఆయనకు గుండె మార్చారు. అది ఎవరిదో చెప్పరు.

ఒంట్లోని రోగనిరోధక శక్తి కొత్త గుండెను పరాయిదనుకుని దాడి చేస్తుందని, దాన్ని మాత్రలతో అణచి ఉంచాలని డాక్టరు చెప్పారు. బుద్ధిగా తలూపాను. ఇంటికొచ్చాక మనిషి పుల్లలా అవుతుంటే చూడలేకపోయాను. కరోనా అప్పటి అలవాటు కొద్దీ గోడ మీది తిప్పతీగ దంచి, ఇరవై రోజులు కషాయం తాగించాను. బలం వస్తుందనుకున్నాను; అది పెంచేది డాక్టరు అణచమన్న ఆ రోగనిరోధక శక్తినే అని తట్టలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక పొద్దున నాన్న చూడటానికి వచ్చి గడపలోనే ఆగిపోయాడు. మా ఆయన మంచం మీద కూర్చుని, ఎడమ అరచెయ్యి ఛాతీకి ఆనించి, కుడిచేతి వేళ్ళతో పక్కనే తడుతూ, తల వంచి వింటున్నారు. బాయిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును అచ్చం అలాగే చూస్తారట. ఒక చెయ్యి ఆనించి, ఇంకో చేత్తో కర్ర పట్టి కొడతారు. గట్టిగా మోగితే పని, డొల్లగా మోగితే బయటికి పరుగు.

“గీ తట్టుడు ఎవలు నేర్పిండ్రు అల్లుడా?” అన్నాడు నాన్న.

మా ఆయన తలెత్తలేదు. “డొల్ల మోగుతాంది. కూలుతది. అందరు బయటికి పోండ్రి.”

నిమిషం తర్వాత మామూలుగా టీ అడిగారు. ఏమీ గుర్తు లేదన్నారు. నాన్న మొహంలో నెత్తురు లేదు.

“గా మాట ఇన్నంక బాయిల ఎవ్వడు నిలవడడు బిడ్డా. జల్ది దవాఖానకు నడువు.”

వారం కిందటి పరీక్షలన్నీ బాగున్నాయి. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఇచ్చిన తేదీకే రమ్మన్నారు. వినలేదు. కారులో హైదరాబాద్ తీసుకెళ్ళి, అక్కడ ఏడ్చి, పోట్లాడి, గుండె లోంచి చిన్న ముక్క తీసి చూసేదాకా కదల్లేదు. శరీరం గుండెను తిప్పికొట్టడం అప్పటికే మొదలైంది. రక్తంలో దానికి ఎదురుతిరిగే యాంటీబాడీలు పెరిగాయి. ఇంకేం ఇస్తున్నారని అడిగితే తిప్పతీగ సంగతి చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అప్పటికి బతికించారు. ఆ గుండె ఇచ్చినాయన బాయి మనిషా అని నర్సును అడిగాను. చెప్పకూడదమ్మా అంది. అల్లుడికి ఆ పని గురించి ఏనాడూ చెప్పలేదని నాన్న ఒట్టేసి చెప్పాడు.

తిప్పతీగను వేళ్ళతో సహా పీకేశాను. యాంటీబాడీలు మాత్రం పూర్తిగా తగ్గలేదు. రోజూ ఆయనకన్నా ముందే లేచి ఆ చేతుల్నే చూస్తుంటాను. ఎవలవో గాని, ఇంకోసారి గూడ చెప్పు అని దండం పెడతాను. ఆ రోజు ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు.

ఈ పొద్దున ఆయన ఎడమ చెయ్యి మళ్ళీ ఛాతీ మీద ఆనింది. తట్టేదాకా ఆగలేదు, కారు పిలిచాను.