గోటితో గిల్లిన డాఫోడిల్

మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ కలుపుకుంటూ ఉంటే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. వాళ్ళ గుమ్మం మీది కెమెరాలో పడిందట. చీర మీద స్వెట్టరూ, కాళ్ళకు స్నీకర్లూ వేసుకున్న ఒక పెద్దావిడ, తన పెరట్లోకి వచ్చినంత తీరుబడిగా వాళ్ళ లాన్‌లోకి వచ్చి, నాలుగు డాఫోడిల్ పూలు గోటితో గిల్లి కొంగులో వేసుకుని వెళ్ళిపోయింది. దాని కింద వరసగా వ్యాఖ్యలు. ఎవరి మదరో ఐడెంటిఫై చేయండని ఒకరు, పోలీసులకు రిపోర్ట్ చేస్తే తెలిసొస్తుందని ఇంకొకరు, నవ్వే బొమ్మలు పెట్టినవాళ్ళు పదిమంది. అందులో సగంమంది మనవాళ్ళే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గిల్లుడు నేను నలభయ్యేళ్ళకు పైగా ఎరిగినది మరి.

ఎనభై ఒకటిలో ఇక్కడ అమెరికాలో మేము ఎడిసన్ దగ్గర ఒక పాత ఇంట్లో మేడమీద అద్దెకుండేవాళ్ళం. మా ఆయన మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేవారు. కింద వాటాలో ఇంటావిడ ఒక్కతే ఉండేది. బడిలో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి, డెబ్భై దాటింది, మాట కరుకు, మెట్లమీద మంచు మేము సరిగ్గా ఊడ్చామో లేదో వేలు చూపించి మరీ చెప్పేది. ఆవిడ ప్రాణమంతా తోటలోనే. మొదటి ఏడాది అక్టోబరులో ఆవిడ మోకాళ్ళమీద కూర్చుని ఉల్లిగడ్డల్లాంటివి పాతుతుంటే, చలికాలం ముంచుకొస్తుంటే ఇప్పుడు కూరగాయలేమిటి, పెద్దతనం చాదస్తం కాకపోతేనూ అనుకున్నాను. మార్చిలో ఇంకా గోడవార మంచు కరగకముందే, ఆ చచ్చిపోయిందనుకున్న మట్టిలోంచి మొదట తెల్లటి స్నోడ్రాప్‌లు, తరవాత ఊదారంగు క్రోకస్‌లు, వెనకాల వరసలు వరసలుగా డాఫోడిల్స్ లేచి నిలబడేసరికి, కిటికీ దగ్గర నిలబడి నేను నోరెళ్ళబెట్టాను. ఆ చాదస్తమేదో నాకూ అంటుకుంది లెండి, అది వేరే సంగతి.

ఆ తోటలో కంచె పక్కన ఒక చిన్న మడి ఉండేది. మేము ఆ ఇంటికి రాకముందెప్పుడో ఆవిడ ఒక డాఫోడిల్ పుప్పొడిని సన్నటి కుంచెతో ఇంకొక దానికి అద్ది, కాసిన గింజలను అక్కడ నాటిందట. గింజనుంచి వచ్చిన డాఫోడిల్ పూయడానికి అయిదారేళ్ళు పడుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఏటా ఆకులే వచ్చేవి. మన ఆడవాళ్ళు పిల్లల మార్కులు చెప్పుకున్నట్టు, ఈసారి మూడాకులు వేసింది, నాలుగు వేసింది అని మెట్ల దగ్గర ఆపి చెప్పేది. మేము చూసిన మూడో వసంతంలో, గింజ నాటిన ఆరో ఏటికి, ఒక్క కాడకు ఒక్క మొగ్గ వచ్చింది. ప్రపంచంలో ఇంకెవరి తోటలోనూ లేని పువ్వు, అది ఎలా ఉంటుందో కన్న ఆవిడకే తెలియదు. పక్క ఊళ్ళో పూల ప్రియులు ఏటా పెట్టుకునే పోటీకి దాన్ని తీసుకెళ్ళాలని ఆవిడ ఆశ. వచ్చే ఏటికి నా మోకాళ్ళు ఉంటాయో లేదో అని ఒకసారి నవ్వుతూ అన్నది గానీ, అది నవ్వుకు అన్న మాట కాదు.

అప్పుడు నాకు ఎనిమిదో నెల. పురుడు పోయడానికి మా అత్తగారు తెనాలి దగ్గరి పల్లెనుంచి వచ్చారు. వచ్చిన దగ్గరనుంచీ ఆవిడకు ఒకటే బాధ, దేవుడికి పూలు లేవని. పూలు లేని పూజేం పూజ అని రోజూ అక్షింతలే వేస్తూ సణిగేవారు. మా ఊళ్ళో తెల్లారేసరికి ఆడవాళ్ళు పూలసజ్జ పట్టుకుని వీధి వీధంతా తిరిగి, ఎవరి గోడమీంచి మందారం వంగితే అది, ఎవరి నందివర్ధనం అందితే అది కోసుకొచ్చేవారు. దేవుడి పూలకు దొంగతనం లేదనేవారు. అడగడమే తప్పు, పరాయివాళ్ళను చేసినట్టు. ఇది అమెరికా, ఇక్కడ అలా కుదరదని నేను ఆవిడకు ముందే చెప్పి ఉండాల్సింది. అసలు అలాంటి మాట చెప్పాల్సి వస్తుందనే నాకు తోచలేదు.

ఒక శనివారం పొద్దున్న నేను బట్టల బుట్టతో కిందికి దిగేసరికి, ఇంటావిడ మంచి గౌను వేసుకుని, ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో సన్నమూతి సీసాతో కంచె దగ్గర నిలబడి ఉంది. పోటీ ఆ రోజే. ముందురోజు చీకటిపడేదాకా మొగ్గగానే ఉన్నది, తెల్లారేసరికి విచ్చుకుంటుందని ఆవిడ లెక్క. కాడ ఉంది, పువ్వు లేదు. ఏ కుందేలో కొరికేసి ఉంటుందని మెల్లగా అని, తడి మెట్టుమీద అలాగే కూలబడింది. నేను అయ్యో అని పైకి వచ్చి చూద్దునుకదా, వంటింటి అలమరలో దేవుడి పటం ముందు, మీగడరంగు రేకులూ మధ్యన నారింజరంగు గిన్నే ఉన్న పువ్వు ఒక్కటి, కాడ లేకుండా. పోటీకి కాడ ఉండి తీరాలి. మనకేమో దేవుడికి కాడెందుకు?

ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కుందేలు మీదికి పోయిందిగదా, పోనీలే అనుకున్నాను. మా ఆయన కూడా అదే అన్నారు, నిండు నెలల్లో ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతామని. మా గుసగుసలు విని అత్తగారు సంగతేమిటని అడిగారు. చెప్పక తప్పలేదు. ఆవిడ వెంటనే లేచి ముఖం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, పళ్ళెంలో ఆ పువ్వూ, నైవేద్యం పెట్టిన అరటిపండూ పెట్టుకుని, నన్ను వెనక రమ్మని మెట్లు దిగారు.

తలుపు తీసిన ఇంటావిడ పళ్ళెంలోకి చూసింది. ముఖం పాలిపోయింది. అత్తగారు పళ్ళెం చాపి, “తప్పయిపోయిందమ్మా. ఆరేళ్ళు కాచుకున్నావట. నేను గోటితో తుంచేశాను” అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఇంటావిడ పళ్ళెం అందుకోలేదు. తిట్టినా బాగుండును అనిపించింది నాకు. చివరికి, పంతులమ్మ గొంతుతో, “తోటలో మూడు వందల పూలున్నాయి. దీన్నే ఎందుకు కోసిందో అడుగు” అన్నది.

అత్తగారికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. “ఎందుకేమిటమ్మా? చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. అన్నిట్లోకీ అదే బాగుంది. దేవుడికి బాగున్నదే గదా పెడతాం.”

నేను చెప్పాను. ఇంటావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “అయితే పోటీ తీర్పు అయిపోయినట్టే” అన్నది. పువ్వును రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురులో తిప్పి చూసుకుంది. తను కన్న పువ్వును ఆవిడ తనివితీరా చూడడం అదే మొదటిసారి. అరటిపండు కూడా తీసుకుంది. ఆ మధ్యాహ్నం పోటీకి వెళ్ళలేదు, మరుసటి ఏడు రెండు పూలు పూసినా వెళ్ళలేదు. ఒకదాన్ని కాడ లేకుండా గిల్లి, సాసరులో పెట్టి, మా వంటింటి దేవుడికి తనే తెచ్చి ఇచ్చింది. అప్పటికి అత్తగారు ఊరికి వెళ్ళిపోయారు. ఆ పువ్వు పూసిందా అని ప్రతి ఉత్తరంలోనూ అడిగేవారు, నా బిడ్డ సంగతి ఆ తరవాతే. ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంటావిడ నాకు ఆ పువ్వు దుంపలు మూడు కాగితంలో చుట్టి ఇచ్చింది. ఇప్పుడు ప్లెయిన్స్‌బరోలో మా గుమ్మం పక్కన పెద్ద గుబురు.

వీడియో చూసిన మర్నాడు నడకకు వెళ్ళి, ఆ స్వెట్టరు ఆవిణ్ణి వెతికి పట్టుకున్నాను. ఒంగోలు వైపు మనిషి, కొడుకు దగ్గరికి ఆరు నెలలకు వచ్చిందట. వీడియో సంగతి రాత్రే కొడుకు చెప్పాడట. మా ఇంటికి తీసుకొచ్చి, కావలసినన్ని కోసుకోండి అన్నాను. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకునే నిలబడింది. ఆనాడు తప్పు చేసిన మనిషి పళ్ళెం పట్టుకుని పన్నెండు మెట్లు దిగితే, ఎదుట తలుపు తీసే మనిషి ఉండేది. ఇప్పుడు తప్పు చేసిన మనిషికి తెలియకముందే అది రెండు వందల ఫోన్లకు చేరిపోతోంది. ఇక ఆ పళ్ళెం ఎవరి గుమ్మానికి తీసుకెళ్ళాలి?

“ఇక్కడ కెమెరా ఉందా అమ్మా?” అని మెల్లగా అడిగింది ఆవిడ.

లేదన్నాను. అయినా చేతులు ముందుకు రాలేదు. గుబురు చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, అన్నిట్లోకీ బాగున్నదాన్ని నేనే గోటితో గిల్లి ఆవిడ కొంగులో వేశాను.