సున్నా గీతల వాక్యం

మబ్బులు కిటికీలోంచి లోపలికి వచ్చి, బల్ల మీది కాగితాలను తడిపి, తీరికగా వెళ్ళిపోయే ఆ కాలంలో, లెక్కకు అందనిదేదీ లోకంలో లేదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (ఈ సంఘటన జరిగిన తేదీని డైరీలో రాసుకున్నాను. వాన సరిగ్గా ఆ అంకెలనే చెరిపివేసింది. ఆ వానను నేను ఇంకా క్షమించలేదు.)

ఒడిశాలోని రాయగడలో ఒక వృత్తి శిక్షణ కేంద్రంలో ఇంగ్లీషు మాస్టరుగా చేరిన కొత్త. ఆ జిల్లాలోనే డొరగుడలో అల్యూమినా కర్మాగారం పనులు సాగుతున్నాయి. మా వెల్డింగు విద్యార్థులకు అక్కడ ఉద్యోగం దొరకాలంటే పనికి సరిపడే ఇంగ్లీషు రావాలి. ఆ పాఠ్యపుస్తకం రాసే భారం నాపై పడింది. పదకొండు రోజులు వర్కుషాపు మూలలో స్టూలు వేసుకుని కూర్చుని, వినబడిన ప్రతి ఇంగ్లీషు మాటకూ నోటుబుక్కులో ఒక గీత గీశాను. గీతలు ఎక్కువగా పడ్డ నాలుగు వందల పన్నెండు మాటలను, ఎక్కువగా పనిముట్ల పేర్లనే, ఏరి ఇరవై నాలుగు పాఠాలు కట్టాను. నిప్పురవ్వలు రాలుతుంటే, దూరపు కొండలు నీలంగా కరిగిపోతుంటే, ఆ పుస్తకం జిల్లాలన్నీ తిరుగుతున్నట్టు పగటి కలలు కనేవాణ్ణి.

పార్వతీపురం నుంచి వచ్చి స్థిరపడిన వెల్డింగు మేస్త్రి ఒకనాడు నా వెనుక నిలబడ్డాడు.

“ఏటి బాబూ, ఆ గీతలు?”

వివరించాను. ఆయన ఓపికగా విన్నాడు.

“ఆ పేర్లన్నీ ఆళ్ళకొచ్చు. ‘నాకు తెలవలేదు, మళ్ళీ సెప్పండి’ అనడం నేర్పండి. అదే రాదు.”

“పదకొండు రోజుల్లో ఆ మాట ఒక్కరూ అనలేదు మేస్త్రీ. సున్నా గీతలు.”

“అనరు కాబట్టే గదా సెప్తన్నాను.”

పెద్దవాళ్ళను మళ్ళీ చెప్పమనడం మావైపు అమర్యాద. పైగా సున్నాకు పుస్తకంలో చోటివ్వడం నా పద్ధతికి విరుద్ధం. అదే చెప్పాను.

“సరే, మానీండి. మా అమ్మికి నేనే నేర్పుకుంతాను,” అని వెళ్ళిపోయాడు. అమ్మి అంటే నారాయణపట్న నుంచి వచ్చిన రైతుబిడ్డ, ఆ తరగతిలో ఏకైక విద్యార్థిని.

ఉద్యోగాలకు పరీక్ష పెట్టడానికి కర్మాగారం నుంచి వచ్చిన ఇంజనీరు గారు ఇంగ్లీషును ఊపిరి తీసుకోకుండా మాట్లాడారు. మెషీను ఆపారా అంటే “యెస్ సార్”. నడుస్తోందా అన్నా “యెస్ సార్”. తొమ్మిది మందీ అంతే. పదో మనిషిగా వచ్చిన అమ్మాయి కళ్ళద్దాలు పైకెత్తి, “సార్, ఐ నాట్ అండర్‌స్టాండ్. ఎగైన్ టెల్,” అంది. ఆయన ఆగి, నెమ్మదిగా మళ్ళీ చెప్పారు. ఆమె చేసి చూపింది. ఆ రోజు ఉద్యోగం వచ్చింది ఆమెకొక్కదానికే.

వెళ్తూ వెళ్తూ ఆయన నాతో ఏదో పొడుగ్గా అన్నారు. “యెస్ సార్,” అన్నాను.

“ఏటన్నారు బాబూ?” అన్నాడు మేస్త్రి.

“తెలియలేదు.”

“మరి ఎస్సారన్నారు?”

అమ్మాయి నవ్వాపుకుంటూ చెప్పింది. “నాకూ తెలవక మళ్ళీ అడిగేను మాస్టారూ. నెల్రోజుల్లో పుస్తకం మొదట్నుంచి మార్చి రాస్తే, మిగతావోళ్ళకి ఇంకోసారి పరీక్ష పెడతారట. మీరు ఒప్పేసుకున్నారు.”

రాశాను. మొదటి పాఠంలో ఆ ఒక్క వాక్యమే. రెండోసారి తొమ్మిది మందిలో ఏడుగురు నెగ్గారు.

ఇన్నేళ్ళ తరువాత, మొన్న డాక్టరు గారు నా మందుల సంగతి గబగబా ఏదో వివరించారు. శ్రద్ధగా “యెస్ సార్” అని ఇంటికి వచ్చేశాను. తరువాత పాత నోటుబుక్కు తీసి చూసుకున్నాను. ఆ వాక్యం రాసినవాడు దాన్ని నోటితో అన్నది నేటికీ సున్నా సార్లే. దాని ఎదుట ఒక గీతకు చోటు ఇంకా ఖాళీగా ఉంది. రేపు మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాలి, పెన్సిలు జేబులో పెట్టుకుని.