దొడ్డి కెమెరా విప్పేసిన తర్వాత

నేను దయ్యాలను నమ్మను. ఇది రాస్తూ కూడా నమ్మడం లేదు. తెర మీద గీత కదిలినా కారణం వెతికే పని నాది. కెమెరా పంపే బొమ్మను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసే ప్రోగ్రాములు రాస్తాను. వాటిని డ్రైవర్లంటారు. ఆ మాట చెబితే మా ఊళ్లో ఇప్పటికీ ఏ లారీ అని అడుగుతారు.

మాది హుజూర్‌నగర్ దగ్గర పల్లె. గొర్రెలను ఎత్తుకుపోయే దొంగలు ఎక్కువయ్యారని నాయిన దిగులుపడితే, మా గొర్రెల దొడ్డిలో ఒక పాత రకం కెమెరా బిగించి ఇంటి దాకా వైరు లాగాను. మా డ్రైవర్‌తో నడిచే చిన్న పెట్టె, ఒక టీవీ వంటింట్లో పెట్టాను. దొంగలు ఎన్నడూ రాలేదు గానీ అమ్మకు అది బాగా పనికొచ్చింది. సాయంత్రం నాయిన గొర్రెలను దొడ్లోకి తోలడం కనబడగానే పెనం మీద జొన్నరొట్టె వేసేది. ఆయన ఇంటికొచ్చేసరికి రొట్టె వేడిగా ఉండేది.

నిరుడు వానాకాలంలో జ్వరమొచ్చి నాయిన దవాఖానలోనే పోయాడు. గొర్రెలను అమ్మేశాం. కెమెరా నేనే విప్పి తెచ్చి బీరువాలో పెట్టాను. వైరు కొస మాత్రం దొడ్లో గుంజకు చుట్టి వదిలేశాను, రెండో కొస వంటింట్లో పెట్టెకే ఉంది.

టీవీని అమ్మ తీయనివ్వలేదు. సాయంత్రం కాగానే దాని ముందు కూర్చునేది. తెర నల్లగా ఉండేది.

"దొడ్డిల కరెంటు బుగ్గ పోయినట్టుంది కొడుకా. గా చీకట్ల మీ నాయిన ఎంత తిప్పలు పడుతుండో" అన్నది ఒకరోజు. తిండి కూడా సగానికి సగం మానేసింది. నాకు భయమేసింది.

నిజానికి సిగ్నల్ లేకపోతే తెర నీలంగా మారాలి. నల్లగా ఎందుకుందా అని చూస్తే తప్పు మా డ్రైవర్‌లోనే దొరికింది. వచ్చే సిగ్నల్ మన దేశపు టీవీలు వాడే పాల్ అనే పద్ధతిదా, వేరే దేశాలదా అని అది పెట్టెలోని చిప్‌ను అడగాలి. ఏమీ రాకపోతే ఏమీ లేదని చెప్పాలి. అది మాత్రం పాత జవాబునే పట్టుకుని, పాల్ వస్తోందని అంటూనే ఉంది. లేని కెమెరా ఉందనుకుని చీకటిని చూపిస్తోంది.

సరిచేశాను. పట్నంలో మా ఆఫీసులో వైరు పీకుతూ, పెడుతూ ఎన్నోసార్లు చూసుకున్నాను. ఇంటికి తెచ్చి ఎక్కించగానే తెర నీలమైంది. సిగ్నల్ లేదని తెలుగులో వచ్చేలా కూడా పెట్టాను. అమ్మకు చదువు రాదు, నేనే చదివి చెప్పాను.

"అంటే, ఆడ లేడా?" అన్నది.

"లేడమ్మా" అన్నాను.

నాయిన పోయాక అమ్మ గట్టిగా ఏడవడం అదే మొదటిసారి. నేనూ ఏడ్చాను.

మర్నాడు సాయంత్రం, గొర్రెలు మళ్లే వేళకు, ఇద్దరం వంటింట్లోనే ఉన్నాం. నీలం పోయి తెర నల్లబడింది. లాప్‌టాప్‌లో చూస్తే చిప్‌కు పాల్ సిగ్నల్ అందిందని ఉంది. పాత జవాబు కాదు, అప్పుడే అడిగి తెచ్చిన జవాబు. దొడ్డి దాకా పరుగెత్తాను. వైరు కొస గుంజకు నేను చుట్టినట్టే ఉంది. తిరిగొచ్చేసరికి తెర మళ్లీ నీలంగా ఉంది. అమ్మ పెనం మీద రొట్టె తిప్పుతోంది.

"ఒచ్చి పోయిండు. నువ్వు తిను" అన్నది. చాలా రోజులకు తనూ కడుపునిండా తిన్నది.

పొడుగు వైరు కదా, గాలిలో ఏదో తరంగాన్ని పట్టి ఉంటుందన్నారు ఆఫీసులో. కావచ్చు. కానీ అదే వైరుతో ఎంత ప్రయత్నించినా మళ్లీ అలా రాలేదు. కారణం ఇప్పటికీ నాకు దొరకలేదు.

అమ్మ ఇప్పుడు వేళకు తింటుంది, ఆ టీవీ వైపు చూడదు. ఊరికి పోయినప్పుడల్లా సాయంత్రం దాని ముందు కూర్చునేది నేనే.