ఇరవై రెండో మేకు

ఆండాళు పేరును ఆ జాబితాలో రాసింది దివాకరే. ఆ సంగతి తలపుకొచ్చినప్పుడల్లా తన చేతిని తానే విరుచుకోవాలనిపించేది అతనికి.

నల్లగొండ బయట యూనివర్సిటీలో ఆదివారాలు ఊరందరి కోసం ఉపన్యాసాలు జరుగుతాయి. వయసుతో పని లేదు, చదువుతో పని లేదు. పన్నెండు ఆదివారాలు వచ్చి కూర్చుంటే చివర్లో ఒక సర్టిఫికెట్ ఇస్తారు. దివాకర్‌కు కావలసింది అది కాదు. పన్నెండో ఆదివారం ప్రొఫెసర్లు మాట్లాడరు. విన్నవాళ్లలో ఒకరిని ఎంచి మైకు చేతికిస్తారు. ఆ ఒక్కరు ముప్పావుగంట మాట్లాడతారు. ప్రొఫెసర్లు కూడా కింద కూర్చుని వింటారు.

ఆ ముప్పావుగంట కోసం అతను మూడేళ్లుగా ముందు వరసలో కూర్చుంటున్నాడు. ఇంటర్ తప్పి, గడియారం స్తంభం దగ్గర జిరాక్సు దుకాణంలో కుదిరినవాడు. ఎవరెవరివో థీసిస్‌లు జిరాక్సు తీస్తూ నిలబడే చదివాడు. పాత సామాన్ల కొట్లో తూకానికి వచ్చిన పుస్తకాలు తెచ్చుకుని చదివాడు. ఏ ఉపన్యాసం ముగిసినా మొదట లేచే చేయి అతనిదే. చేనేత చరిత్ర మీద ఆరు పేజీలు రాసి, ఎనిమిది సార్లు తిరగరాసి సిద్ధంగా పెట్టుకున్నాడు.

ఈ ఏడు ముప్పై మంది లేకపోతే తరగతి నడవదని, కార్యక్రమం చూసే రోజారమణి మేడం చెప్పింది. ఇరవై తొమ్మిది మంది తేలారు. ముప్పయ్యో పేరు కోసం దివాకర్ తన పెద్దమ్మను పట్టుకున్నాడు.

"నేనేం జేస్తరా ఆడ?" అన్నది ఆండాళు.

"ఏం జెయ్యద్దు. కూసో. ఫ్యాన్ కింద నిద్రొస్తే పండుకో."

ఆమె మాట తప్పలేదు. మొదటి ఆదివారం గోడకు తల ఆనించి హాయిగా నిద్రపోయింది. రెండో ఆదివారం డబ్బాలో అటుకులు తెచ్చి, పాఠం నడుస్తుండగానే వరసంతా పంచింది. దివాకర్ తల తిప్పి ఆమె ఎవరో తెలియనట్టు కూర్చున్నాడు.

ఆండాళుకు యాభై ఎనిమిదేళ్లు. మూడో తరగతిలో బడి మాన్పించి తల్లి ఆమెను ఆసు ముందు కూర్చోబెట్టింది. ఆసు అంటే ఒక చెక్క. దాని మీద ఒక వైపు అర్ధచంద్రంలా మేకులు, ఎదురుగా ఒంటరిగా ఒక పెద్ద మేకు. దారం పెద్ద మేకు నుంచి చిన్న మేకుకు, చిన్న మేకు నుంచి పెద్ద మేకుకు పోతూ వస్తూ ఉండాలి. మేకుకు ఇన్ని చుట్లని లెక్క. అట్లా చుట్టిన దారానికే ముడులు కట్టి రంగులో ముంచుతారు. లెక్క తప్పితే చీర మీద పువ్వు తప్పుతుంది. ఒక్క చీరకు చేయి తొమ్మిది వేల సార్లు పోయి రావాలి. ఆండాళు చేయి నలభై తొమ్మిదేళ్లుగా పోయి వస్తూనే ఉంది. మగడు పోయిన నెలలోనూ పోయి వచ్చింది. ఎడమ భుజం మీద పడుకుని ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

నాలుగో ఆదివారం లెక్కల సారు వచ్చాడు. బోర్డు మీద సగం పువ్వు గీసి, రెండో సగం గీయకుండా ఎట్లా వస్తుందని అడిగాడు. దివాకర్ లేచి, ఒక పుస్తకంలో చదివింది ఐదు నిమిషాలు చెప్పాడు. "బాగా చదివారు" అని సారు బోర్డు తుడవబోయాడు.

"సారూ, తుడవకు," అన్నది వెనక నుంచి ఆండాళు. "సగం పువ్వే గద మేం కట్టేది. మడత పెడ్తే రెండోది గదే వస్తది." లేచి నిలబడి తన కొంగునే మధ్యకు మడిచి చూపించింది. పువ్వు మీద పువ్వు సరిగ్గా కూర్చుంది. సారు చాక్‌పీసు కింద పెట్టి ఆ కొంగును ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.

ఆ రోజు నుంచి దివాకర్‌కు అన్నం సయించలేదు. పక్కన కూర్చునే బాబా మియా, మిషన్ పని మానేసిన ముసలి దర్జీ, ఊరుకునే రకం కాదు.

"క్యా దివాకర్, నీ పెద్దమ్మ నీ కుర్సీ గుంజుకుంటాంది."

"గుంజుకోనియ్యి చాచా. నాకేం ఫికర్ లేదు."

"లేకుంటే ఆ పెన్ను టోపీ ఎందుకు కొరుకుతున్నవ్?"

పదో ఆదివారం తరగతి లేదని దివాకర్ పెద్దమ్మకు అబద్ధం చెప్పాడు. బాబా మియా ఫోన్ చేస్తే ఆమె ఆటో ఎక్కి వచ్చింది. "నీకు యాదికి లేనట్టుంది బిడ్డా," అని మాత్రం అన్నది. తిట్టినా బాగుండేదనుకున్నాడు.

పదకొండో ఆదివారం, వచ్చే వారం ఎవరు మాట్లాడాలో రోజారమణి మేడం చదివి చెప్పింది. ఆండాళు. ఆసుతో సహా. తర్వాత దివాకర్ వైపు చూసి నవ్వింది. "మీ ఇంటి పక్కనే కదా. ఆసు మోసుకురావడానికి మీరు సాయం చెయ్యాలి."

పన్నెండో ఆదివారం మోసుకొచ్చాడు. ఆరు పేజీలు మడిచి జేబులో పెట్టుకుని, ఆటోలో ఆసును ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. ఎందుకు పెట్టుకున్నాడో, ఎవరు చదవమంటారో అతనికీ తెలియదు.

హాలు నిండింది. నేతగాళ్ల వాడ నుంచి కూడా ఆడవాళ్లు వచ్చారు. ఆండాళు వేదిక మీద నేలనే కూర్చుని, నాలుగు మాటలు చెప్పి, చుట్టడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. పక్కన మేడం మైకు పట్టుకుని నిలబడింది. రెండు వందల మంది ఒక చేతిని చూస్తున్నారు.

సాలోళ్ల ఇళ్లలో పిల్లలకు అక్షరాల కన్నా ముందు నేర్పేది ఒకటుంది. ఆసు ముందున్న మనిషిని పిలవకూడదు, లెక్క పోతుంది. చుట్టం వచ్చినా గడపలో నిలబడాల్సిందే, చేయి ఆగేదాకా. దివాకర్ చిన్నప్పుడు ఒకసారి తల్లిని పిలిచి వీపు వాయగొట్టించుకున్నాడు.

అంతా తెలిసే లేచాడు.

"పెద్దమ్మా, గీ ఆసు ఎప్పటిసంది ఉన్నదో జర చెప్పు."

చేయి గాలిలో ఆగింది. "మంచి ప్రశ్న," అన్నది మేడం. వాడ ఆడవాళ్లు మాత్రం తలలు తిప్పి అతని వైపు చూశారు. ఒకామె "వీని నోట్ల మన్నువడ" అన్నది, వినబడేటట్టే.

ఆండాళు మేకుల వైపు కాసేపు చూసింది. మైకు దగ్గరికి వంగింది.

"గది నాకు తెల్వదు. మా దివాకర్‌కు తెలుస్తది, చదివినోడు. ఇగ నా లెక్క వోయింది. పోగొట్టినోడే పైకొచ్చి లెక్కవెట్టాలె."

హాలంతా నవ్వింది. మేడం రమ్మని చేయి ఊపింది. దివాకర్ మెట్లెక్కి, ఆసు పక్కన కూర్చున్నాడు. మైకు చేతికొచ్చింది. మూడేళ్లుగా చూసిన మైకు. దాన్ని మోకాలి కింద దాచి, "మొదటిసంది చుడ్తవా?" అని అడిగాడు.

"ఎందుకు?" అన్నది ఆమె మెల్లగా. "ఇరవై రెండో మేకు. రెండు చుట్లయినయి, ఇంక రెండున్నయి."

"లెక్క వోయిందన్నవ్ గద."

"మీ అమ్మకు పోతది. నాకు పోదు. ఇద్దరు పిల్లలు ఒళ్లె ఏడుస్తుంటె చుట్టినదాన్ని, నీ కూతకు పోతదా?"

"మరి ఎందుకన్నవ్?"

"మైకు దిక్కు ఎట్ల చూస్తవో వెనక వరసకు కనవడదా?" దారం వేలికి సరిచేసుకుంది. "లెక్కవెట్టు. అందరు చూస్తున్నరు."

లెక్క నిజంగానే తప్పి ఉంటే బాగుండేదని అనుకున్నాడు దివాకర్. తను వేసిన ఎత్తుల్లో కనీసం ఒకటైనా పారినట్టుండేది. జేబులో ఆరు పేజీలు గుచ్చుకుంటున్నాయి. మైకు ఎత్తితే అతని ఊపిరే హాలంతా వినిపించింది. ఇప్పుడు ఒక్క వాక్యం మాట్లాడినా ఎవరూ ఆపరు. కానీ ఆమె చేయి కదిలింది.

"మూడు," అన్నాడు.

ముందు వరసలో లెక్కల సారు, పక్కన బాబా మియా. ఇద్దరిలో ఒక్కరూ అతని వైపు చూడటం లేదు. అందరి కళ్లూ ఆమె వేళ్ల మీదే. అది చూసి మైకును పెదవులకు ఇంకా దగ్గరగా జరుపుకున్నాడు.

"నాలుగు."

చేయి ఇరవై మూడో మేకుకు పోయింది. అతని కళ్లు కూడా దాని వెంటే పోయాయి.

"ఒకటి," అన్నాడు.