సన్నకర్ర పెట్టిన కోడలు

పద్దెనిమిది మందికి ఒక్క గీత పడకుండా, బడి ఆవరణంత గని కప్పును కూల్చడం కోడలు సాధించిన మొదటి ఘనత. అదేమీ ఊరికే రాలేదు. అధికారిగా గనిలోకి దిగిన ఏడో నెలలో, చెమటోడ్చి సంపాదించుకుంది.

బొగ్గు స్తంభాలు తవ్వి తీసేశాక అక్కడి కప్పు కూలిపోవాలి. కూలకుండా మొండికేసి వేలాడితేనే ముప్పు. ఎప్పుడో ఒక్కపెట్టున పడితే ఆ గాలికే మనుషులు ఎగిరిపోతారు. అందుకే అది కదలడం మొదలవగానే జనాన్ని తప్పించి, మందు పేల్చి, తామే కూల్చాలి. ఆ కప్పేమో నాలుగు రోజులైనా ఉలకలేదు, పలకలేదు.

ముప్పై ఒక్క ఏళ్లు గనిలో కప్పుకి ఆసరాగా దిమ్మెలు నిలబెట్టిన మామగారు ఆమెకో కిటుకు నేర్పారు. కప్పుకీ నేలకీ మధ్య బొటనవేలంత సన్నకర్ర బిగించాలి. కప్పు వెంట్రుకవాసి దిగినా అది వంగి చెబుతుంది. కోడలు అలాగే బిగించింది. మర్నాడు పొద్దున చూస్తే కర్ర లేదు.

"నా కర్ర ఏది?"

"ఆ ఎండుపుల్లా మేడమ్?" దిమ్మెల మేస్త్రీ మీసం దువ్వాడు. "మా గురువుగారి కోడలు పెట్టింది అంత బక్కగా ఉంటే మాకు నామోషీ కాదూ? పీకేసి తొడంత దిమ్మె వేశాం!"

ఆమె చప్పున జనం వైపు తిరిగింది. "అందరూ వెనక్కి రండి. ఇప్పుడే!"

"పుల్ల కోసం పని ఆపుతారా?"

"దిమ్మెకి బలముంది పెద్దయ్యా, చెప్పే నోరే లేదు."

ఆ కప్పు అంచున తనే మరో సన్నకర్ర బిగించి, దూరంగా వచ్చి దీపం వేసి చూస్తూ కూర్చుంది. వెనక కిసుక్కుమన్నారు కొందరు. రెండు గంటలు గడిచేసరికి కర్ర విల్లులా వంగింది. నవ్వులు ఆగిపోయాయి. తలలు లెక్కపెట్టించి, అందర్నీ మలుపు అవతలికి పంపి, ముందే తొలిచి ఉంచిన రంధ్రాల్లో మందు పేల్పించింది. కప్పు భళ్లున దిగింది. దుమ్ములోనే మళ్లీ లెక్కపెట్టింది. పద్దెనిమిది!

"మేడమ్, నా తుండుగుడ్డ ఎగిరిపోయింది!" మేస్త్రీ గొల్లుమన్నాడు.

"తలకాయ ఉందిగా పెద్దయ్యా, గుడ్డ కొత్తది కొనుక్కుందాం."

ఆ తర్వాత పదకొండు కప్పులు దింపింది. ఎవరికీ చిటికెన వేలు కూడా నలగలేదు. రెండు ప్రశంసాపత్రాలు వచ్చాయి. ఇంటికొచ్చినవాళ్లకి కాఫీ కంటే ముందు అత్తగారు చూపించేది వాటినే.

ఇప్పుడు మరో గనివాళ్లు పిలిచారు. అక్కడి కప్పు తొమ్మిది రోజులుగా వేలాడుతోందట. మామగారు ఆరు కర్రలు చెక్కి కట్టగట్టారు.

"అక్కడ కర్రలు దొరకవా మామయ్యా? బస్సులో వీటికీ టికెట్ కొట్టమంటారు!"

"దొరుకుతాయమ్మా. కానీ వాటికి మన ఇంటి పెంపకం లేదుగా!"

"ఆయన పెంచినవి కర్రలేలే, పిల్లల్ని పెంచింది నేను," అని అత్తగారు దెప్పిపొడిచారు. కోడలు పకపకా నవ్వుతూ కట్ట భుజాన వేసుకుని బస్సెక్కింది.

నిన్న ఫోను చేసింది. కర్ర బిగించిందట, వంగడం మొదలైందట. కప్పు దింపి, లెక్క సరిచూసుకుని, నవంబరు ఇరవై రెండు, శనివారం సాయంత్రం బస్సుకి ఇంటికొస్తుంది.