చెవిలో కాలిపోయిన మోటార్లు

ఏడో తరగతిలోనే నేనూ బడీ ఒకరికొకరం నచ్చక విడిపోయాం. అప్పటినుంచీ బొమ్మనహళ్ళి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందే నా బతుకు. హాల్లో మిషన్లన్నీ మొదలయ్యాయంటే మాట వినబడదు. అందుకే మేం పెదవులు చూసి కబుర్లాడుకుంటాం. నా జోకులు మూడు వరుసల అవతలికి అలాగే వెళ్తాయి. చెవుల్లో పెట్టుకోమని కంపెనీ ఇచ్చే పసుప్పచ్చ స్పాంజి బిరడాల్లో నేను సూదులు గుచ్చుకునేవాణ్ణి. అంత మెత్తటి వస్తువును చెవికి వృథా చేస్తామా?

మొన్నామధ్య పక్కనే ఫోను మోగుతున్నా నేను తీయలేదని నా భార్య చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. పరీక్ష చేసే మేడమ్ ఎదురుగా కూర్చుని అడిగినవన్నిటికీ టకటకా జవాబులు చెప్పాను.

"నా చెవులు బాగుండాయి మేడమ్. ఈమె నోరే రిపేరుకొచ్చింది. అంతా గొణుగుడు."

మేడమ్ నవ్వి, నోటికి ఫైలు అడ్డం పెట్టుకుంది. ఎప్పుడు మొదలుపెడుతుందా అని చూస్తూ కూర్చున్నాను. ఆమె ఫైలు దించింది.

"నేనేమంటినప్పా?"

"మీరింకా ఏమీ అనలేదు కదా?"

నా భార్య మొహంలో నెత్తురు లేదు. "నాలుగు మాట్లు అడిగిందయ్యా, నీ పేరేమని."



మేడమ్ బొమ్మ గీసి చూపించింది. చెవి లోపల వెంట్రుకల్లాంటి మొనలున్న కణాలుంటాయట. వాటి గోడల్లో ఒక ప్రోటీన్ మోటారులా పనిచేస్తుందట. శబ్దం తగిలినప్పుడల్లా కణాన్ని ముడిచి, సాగదీసి, సన్నటి చప్పుడును కూడా పెద్దది చేస్తుందట. నా తలలో మోటార్లా! ఇన్నాళ్ళూ మిషన్లకు మాత్రమే ఉంటాయనుకున్నాను.

"కాలిపోతే రీవైండింగ్ చేయించొచ్చు కదా మేడమ్?"

"మిషన్ల రొదకు ఆ కణాలు చచ్చిపోయినాయి. చచ్చింది మళ్ళా పుట్టదప్పా. ఇంకా కొన్ని బతికుండాయి, వాటినన్నా కాపాడుకో."

మర్నాడు సూపర్‌వైజరును అడిగి కొత్త బిరడాలు తీసుకుని చెవుల్లో దూర్చుకున్నాను. హాలు దూరంగా జరిగినట్టయింది. ఎదురు మిషన్ అక్క చూసింది.

"ఏమప్పా, పెండ్లికొడుకు మాదిరి చెవుల్లో పూలు పెట్టుకోనుండావే!"

ఒక్క మాట పోకుండా అర్థమైంది. రోజూ ఎలా అర్థమవుతుందో అచ్చం అలాగే. అంటే ఎన్నేళ్ళుగా ఇలా కళ్ళతోనే వింటున్నాను?  బిరడాలను వేలితో ఇంకాస్త లోపలికి నొక్కుకున్నాను.